మెడలో సిరలు, మెదడులో మచ్చలు

2009 నవంబరులో కెనడాలోని సీటీవీ ఛానల్ తన 'డబ్ల్యూ5' కార్యక్రమంలో ఒక ఇటలీ డాక్టరు కథ ప్రసారం చేసింది. ఆయన పేరు పావ్లో జాంబోనీ. ఫెరారా విశ్వవిద్యాలయంలో రక్తనాళాల సర్జన్. ఆయన భార్యకు మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎం.ఎస్.) వచ్చింది. కారణం తెలియని ఆ జబ్బు గురించి పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేసిన జాంబోనీకి ఒక అనుమానం కలిగింది. రోగ మూలం మెదడులో కాక, మెదడు నుంచి రక్తాన్ని గుండెకు దించే మెడ సిరల్లో ఉందేమో! ఆ సిరలు సన్నబడితే రక్తం వెనక్కి ఎగదన్నుతుంది, మెదడులో ఇనుము పేరుకుంటుంది, దాంతో వాపు మొదలవుతుంది. సన్నబడ్డ చోట బెలూను ఉబ్బించి దారి వెడల్పు చేస్తే జబ్బు తగ్గాలి. ఇదీ ఆయన వాదం. ఈ పద్ధతికి 'విముక్తి చికిత్స' అనే పేరు కూడా స్థిరపడిపోయింది.

ఎం.ఎస్. అత్యధికంగా ఉన్న దేశాల్లో కెనడా ఒకటి. ఆ కార్యక్రమం చూసినవాళ్లలో వేలమంది రోగులూ, వాళ్ల కుటుంబాలూ ఉన్నారు. మాకూ ఈ చికిత్స చేయండని పట్టుబట్టారు. కెనడా ఆసుపత్రులు చేయమనడంతో సొంత డబ్బుతో పోలండ్, బల్గేరియా, కోస్టారికా, మెక్సికో వెళ్లారు. మన దేశానికీ వచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చుని విమానమెక్కిన ఆ మనుషుల ఆశను తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ఆ జబ్బు అలాంటిది.

ప్రపంచంలో సుమారు 29 లక్షల మందికి ఎం.ఎస్. ఉంది. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెట్టింపు, కొన్ని దేశాల్లో అంతకు మించి. నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది, సంకేతాలు వేగంగా పోవడానికి అదే ఆధారం. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఆ పొర మీద పడి దాన్ని పాడుచేస్తాయి. ఎక్కడ పొర ఊడితే అక్కడి పని చెడుతుంది: ఒక కన్ను మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మూత్రం అదుపు తప్పుతుంది. ఎంతసేపు పడుకున్నా తీరని నిస్సత్తువ సరేసరి. చాలామందిలో మొదట్లో ఇది వచ్చి పోతూ ఉంటుంది. కొన్ని వారాలు బాధపెట్టి, మందుతోనో, మందు లేకుండానో తగ్గుముఖం పడుతుంది. మళ్లీ ఎప్పుడో తిరగబెడుతుంది. ఈ రాకపోకల స్వభావాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదంతా దీనికి ముడిపడి ఉంది.

జాంబోనీ తాను కనుక్కున్న స్థితికి 'క్రానిక్ సెరిబ్రోస్పైనల్ వీనస్ ఇన్‌సఫిషియెన్సీ' అని పేరు పెట్టారు, పొట్టిగా సీసీఎస్‌వీఐ. 2009లో ఆయన బృందం 65 మంది ఎం.ఎస్. రోగులకు, 235 మంది ఇతరులకు డాప్లర్ అల్ట్రాసౌండ్ చేసి ఫలితాలు ప్రచురించింది. రోగులందరిలో ఈ లోపం ఉంది, మిగతావాళ్లలో ఒక్కరికీ లేదు. నూటికి నూరు ఒకవైపు, సున్నా మరోవైపు. వైద్యంలో ఇంత శుభ్రమైన లెక్క దాదాపు ఎప్పుడూ రాదు. గుండెపోటుకు చేసే రక్తపరీక్ష కూడా ఇంత కచ్చితంగా ఉండదు. అనుమానం మొదట ఇక్కడే రావాల్సింది.

కానీ డాక్టర్లు చూసినవి అబద్ధాలు కావు. క్యాథ్ ల్యాబ్‌లో రోగిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. గజ్జ దగ్గర మత్తు సూది వేసి, తొడ సిరలోకి క్యాథెటర్ అనే సన్నని గొట్టం ఎక్కిస్తారు. అది పొట్టలోని పెద్ద సిర గుండా పైకి పాకి, గుండె కుడి పైగదిని దాటి, మెడలో జుగులర్ సిరలోకి చేరుతుంది. వెన్నెముక పక్కనుండే ఏజైగస్ సిరలోకి పోవాలంటే గుండెకు కాస్త పైన వెనక్కి మలుపు తిరగాలి, అనుభవం ఉన్న చెయ్యి కావాలి. అక్కడినుంచి రంగుమందు వదిలితే ఎక్స్‌రే తెర మీద సిర ఆకారం నల్లగా పరుచుకుంటుంది. అందులో నిజంగానే వింతలు కనిపించాయి. కవాటం రెక్కలు పూర్తిగా తెరుచుకోనివి, తలకిందులుగా ఉన్నవి, సిరకు అడ్డంగా పలుచని పొర ఉన్నవి, మధ్యలో గోడ కట్టినట్టు సిరను రెండుగా చీల్చినవి. మెలిక తిరిగిన ఏజైగస్. ఒకపక్క దాదాపు లేనంత చిన్నదిగా ఉన్న జుగులర్, దాని పని పంచుకోవడానికి చుట్టూ అల్లుకున్న సన్నని సిరలు. ఇరుకైన చోట బెలూను ఉబ్బిస్తే మొదట దాని నడుము నొక్కుకుపోతుంది. ఒత్తిడి పెంచగానే ఆ నొక్కు విడిపోయి బెలూను నిండుగా పొంగుతుంది. రంగుమందు ఈసారి జారినట్టు కిందికి పోతుంది.

కళ్లముందు ఇంత స్పష్టంగా కనబడుతుంటే నమ్మకుండా ఎలా ఉంటారు? అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది: ఏ జబ్బూ లేనివాళ్ల మెడలో ఏముంది? అంతవరకూ దాన్ని ఎవరూ క్యాథెటర్‌తో సరిగా చూడలేదు. చూడడానికి అవకాశం కూడా తక్కువే. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి తొడలోంచి మెడదాకా గొట్టం ఎవరు ఎక్కిస్తారు? వింతలు రోగుల్లోనే కనిపించాయంటే, అలా వెతికింది ఎక్కువగా రోగుల్లోనే కాబట్టి.

సిరల పుట్టుక తెలిస్తే ఈ వింతలు అంత వింతగా అనిపించవు. గర్భంలో పిండానికి సిరలు మొదట ఒక వలలా ఏర్పడతాయి. రక్తం ఎటు ఎక్కువగా సాగితే ఆ దారి వెడల్పై నిలుస్తుంది, మిగతావి సన్నబడి మాయమవుతాయి. గోదావరి లంకల మధ్య ఒక ఏడు ఈ పాయ పెద్దదైతే మరో ఏడు ఆ పాయ పెద్దది, నీళ్లు మాత్రం సముద్రానికి చేరకుండా ఆగవు. సిరలూ అంతే. ధమనుల పటం మనిషికీ మనిషికీ కొంత పోలుతుంది, సిరల పటం పోలదు. అనాటమీ హాల్లో శవపరిచ్ఛేదం చేసిన ఏ మెడికల్ విద్యార్థినడిగినా ఈ మాట చెబుతారు. ప్రతి వెయ్యి మందిలో ముగ్గురు నుంచి ఐదుగురికి, పిండదశలోనే మూసుకుపోవాల్సిన ఎడమవైపు పెద్ద సిర జీవితాంతం ఉండిపోతుంది. చాలామందికి ఆ సంగతి తెలియదు. ఎప్పుడో పేస్‌మేకర్ తీగ వేస్తుండగా అది అనుకోని దారిన పోతే డాక్టరు గుర్తిస్తారు. 1957లో మే, థర్నర్ అనే ఇద్దరు డాక్టర్లు 430 శవాలను కోసి చూస్తే, కటి భాగంలో ఎడమ సిర పక్కనున్న ధమని కింద నలిగి లోపల పొర కట్టిన స్థితి 22 శాతంలో కనిపించింది. వాళ్లంతా దానివల్ల కాళ్లు వాచి బాధపడ్డవారేమీ కారు.

మెడ సిరల సంగతికొస్తే, ఎక్కువమందిలో కుడి జుగులర్ ఎడమదానికంటే పెద్దది. మెదడు పైభాగపు రక్తం చాలామందిలో కుడివైపుకే మొగ్గుతుంది కాబట్టి ఎడమది చిన్నదైనా నష్టం లేదు. జుగులర్ అడుగున, భుజం సిరతో కలిసే చోట, కవాటం ఉండడం మామూలే. అక్కడ సిర కొంచెం ఇరుకుగా కనబడడమూ మామూలే. పైన పుర్రె అడుగున, మెడ మొదటి వెన్నుపూస అంచు సిరను వెనకనుంచి నొక్కుతుంది, తల తిప్పితే ఆ నొక్కు మారుతుంది. అన్నిటికంటే విశేషం ఏమిటంటే, మనం లేచి నిలబడగానే జుగులర్ సిరలు చాలావరకు చప్పబడిపోతాయి. అప్పుడు మెదడు రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల అల్లిక గుండా దిగుతుంది. అంటే ప్రతి ఆరోగ్యవంతుడికీ రోజులో సగానికి పైగా ఈ సిరలు దాదాపు మూతపడే ఉంటాయి. ధమనిలో సగం సన్నబడితే ప్రమాదమనే కొలతను ఇంత మెత్తటి, ఇంత తక్కువ ఒత్తిడి గల గొట్టానికి వర్తింపజేయడం మొదటి పొరపాటు.

రెండో పొరపాటు డాప్లర్‌ది. ప్రోబును చర్మం మీద కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, కింద సిర నలిగిపోతుంది. రోగి ఊపిరి బిగబడితే ఉబ్బుతుంది, గట్టిగా లోపలికి పీలిస్తే ముడుచుకుంటుంది. నీళ్లు తాగకుండా వచ్చినవాడికి ఒకలా, తాగినవాడికి మరోలా ఉంటుంది. రక్తం సెకనులో ఎంత భాగం వెనక్కి పోయిందో కొలిచే పరీక్షలో ఈ తేడాలన్నీ కలిసిపోతాయి. పరీక్ష చేసేవారికి ఎదురుగా పడుకున్నది రోగి అని ముందే తెలిస్తే, తెలియకుండానే చెయ్యి అటు మొగ్గుతుంది. ఇందులో మోసం అక్కర్లేదు, మనిషి కావడమే చాలు.

అందుకే మిగతా దేశాల్లో లెక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. 2010లో బెర్లిన్ డాక్టర్లు 56 మంది ఎం.ఎస్. రోగులను జాంబోనీ ప్రమాణాలతోనే చూస్తే, ఒక్కరూ ఆ లోపం కిందికి రాలేదు. అమెరికాలో బఫెలో బృందం రోగుల్లో 56 శాతం మందిలో, ఆరోగ్యవంతుల్లో 22 శాతానికి పైగా ఉందంది. అదే బృందం ఇతర నాడీ వ్యాధులవారిలోనూ 42 శాతం మందికి ఉందని తేల్చింది. జబ్బుకు మూలకారణం కావలసిన లోపం మరో జబ్బువారిలోనూ అంత ఉండడమేమిటి? ఇటలీలోనే 'కాస్మో' పేరుతో పెద్ద అధ్యయనం జరిగింది. అక్కడ అల్ట్రాసౌండ్ బొమ్మలను, అవి ఎవరివో తెలియని నిపుణులు వేరే చోట కూర్చుని చదివారు. ఫలితం: ఎం.ఎస్. రోగుల్లో 3.26 శాతం, ఆరోగ్యవంతుల్లో 2.13 శాతం. లెక్కల పరంగా తేడా లేనట్టే.

నన్నడిగితే అసలు తీర్పు 2013లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించిన కెనడా అధ్యయనానిది. ఆంథనీ ట్రబూల్సీ నాయకత్వంలోని ఆ బృందం, ఎవరూ సాహసించని పని చేసింది. ఎం.ఎస్. రోగులతోపాటు వాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఏ సంబంధమూ లేని ఆరోగ్యవంతులు కూడా ముందుకొచ్చి, అదే బల్ల మీద పడుకుని, తమ సిరల్లోకి క్యాథెటర్ ఎక్కించుకున్నారు. మొత్తం 177 మంది. సిర సగానికి మించి సన్నబడ్డవాళ్లు రోగుల్లో 74 శాతం, తోబుట్టువుల్లో 66 శాతం, సంబంధం లేనివారిలో 70 శాతం. మెడలో ఇరుకు సిర ఉండడం రోగలక్షణం కాదు, మూడు గుంపుల్లోనూ అది సర్వసాధారణం. తమకు ఏ ప్రయోజనమూ లేకున్నా ఆ గొట్టాన్ని ఒంట్లోకి రానిచ్చిన ఆరోగ్యవంతులకు ఎం.ఎస్. రోగులంతా రుణపడి ఉన్నారు.

మన దగ్గరే కనిపించే ఇంకో సాక్ష్యం ఉంది. పొగాకు, గుట్కాల పుణ్యమా అని మన క్యాన్సర్ ఆసుపత్రులకు నోటి క్యాన్సర్ రోగులు నిత్యం వస్తారు. మెడలోని లింఫు గ్రంథులకు పాకిన క్యాన్సర్‌ను తీసేటప్పుడు, తప్పనిసరి పరిస్థితిలో సర్జన్లు ఒకవైపు జుగులర్ సిరను కట్టేసి కోసి తీసేస్తారు. అరుదుగా రెండువైపులా తీయాల్సి వస్తుంది. అప్పుడు ముఖం వాస్తుంది, మెదడులో ఒత్తిడి పెరగొచ్చు, ప్రాణాపాయమూ కలగొచ్చు. కానీ దశాబ్దాలుగా ఎన్నో దేశాల్లో జరుగుతున్న ఈ ఆపరేషన్ల తర్వాత ఎం.ఎస్. పుట్టుకొచ్చిన దాఖలా లేదు. సిర సన్నబడితేనే వచ్చే జబ్బు, సిర మొత్తం పోతే రావాలి కదా!

మరి బెలూను వేయించుకుని బాగుపడ్డామన్నవాళ్ల మాటేమిటి? వాళ్లు అబద్ధం చెప్పలేదు. కాళ్లు వెచ్చబడ్డాయన్నారు, తల తేలికైందన్నారు, నిస్సత్తువ తగ్గిందన్నారు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లోనే మనిషి కొత్త వైద్యానికి పరుగెత్తుతాడు. ఆ తర్వాత జబ్బు దానంతటదే తగ్గే కాలం వస్తుంది, ఆ పేరు వైద్యానికి దక్కుతుంది. వేల మైళ్లు వెళ్లి, ఉన్నదంతా ఖర్చుపెట్టి, ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుండగా కలిగే నమ్మకం కూడా ఒంటికి కొంత సత్తువ ఇస్తుంది. జాంబోనీ మొదట 65 మందికి చేసిన చికిత్సలో పోల్చి చూడడానికి మరో గుంపు లేదు. పైగా వెడల్పు చేసిన జుగులర్ సిరలు పద్దెనిమిది నెలల్లోపే 47 శాతం మళ్లీ ఇరుకయ్యాయి.

నిజం తేల్చడానికి ఒకటే దారి: కొందరికి బెలూను ఉబ్బించాలి, కొందరికి గొట్టం ఎక్కించి ఉబ్బించకుండా తీసేయాలి, ఎవరికేం జరిగిందో రోగికీ, తర్వాత పరీక్షించే డాక్టరుకూ తెలియకూడదు. కెనడాలో 104 మందితో అలా చేశారు, దాదాపు ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఇటలీలో 115 మందితో 'బ్రేవ్ డ్రీమ్స్' పరీక్షను నడిపించింది స్వయంగా జాంబోనీయే. 2017లో ఫలితం వచ్చింది. పనితీరు మెరుగుపడినవారు బెలూను గుంపులో 41 శాతం, ఉత్తుత్తి చికిత్స గుంపులో 49 శాతం. ఈ చికిత్స పనిచేయదు, ఎం.ఎస్. రోగులకు సిఫారసు చేయకూడదని ఆ పత్రం తేల్చి చెప్పింది, దాని కింద మొదటి పేరు జాంబోనీదే. భార్య జబ్బుతో మొదలుపెట్టి తాను నమ్మిన సిద్ధాంతం తప్పని తన పేరుతోనే ప్రచురించడానికి గుండెనిబ్బరం కావాలి. ఈ కథలో నేను మనస్ఫూర్తిగా నమస్కరించేది ఆ సంతకానికి.

ఈలోగా నష్టమూ జరిగింది. సిరను తెరిచి ఉంచడానికి పెట్టిన స్టెంటు జారి గుండెలోకి పోతే ఒక రోగికి గుండె ఆపరేషన్ చేయాల్సొచ్చింది. రక్తం పలుచబడే మందు మీద ఉన్న మరొకరు మెదడులో రక్తస్రావంతో చనిపోయారు. కోస్టారికాలో చికిత్స చేయించుకున్న ఒక కెనడా యువకుడు 2010లో ప్రాణం కోల్పోయాడు. 2012 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మరణాలు, పక్షవాతం, రక్తం గడ్డలు, సిర దెబ్బతినడం వంటివన్నీ పేర్కొని హెచ్చరిక జారీ చేసింది.

మెదడు సిరల ఇరుకుకు అర్థం లేదని మాత్రం అనుకోకూడదు. తలలో ఒత్తిడి పెరిగి చూపు పోయే ఒక జబ్బులో, పుర్రె లోపలి పెద్ద సిర ఇరుకైన చోట స్టెంటు వేస్తే కొందరికి చూపు నిలుస్తుంది. అక్కడ డాక్టర్లు ఇరుకుకు పైనా కిందా ఒత్తిడి కొలిచి, తేడా సాధారణంగా పాదరసం 8 మిల్లీమీటర్లయినా ఉంటేనే ముందుకు వెళతారు. బొమ్మలో ఇరుకు కనబడడం చాలదు, ఆ ఇరుకు రక్తాన్ని నిజంగా ఆపుతోందా అన్నదే లెక్క.

ఎం.ఎస్.కూ సిరకూ అసలు సంబంధం లేదని అనుకున్నా తప్పే. ఉంది, మెడలో కాదు. 1863లోనే జర్మన్ డాక్టరు రిండ్‌ఫ్లైష్ సూక్ష్మదర్శినిలో ఎం.ఎస్. మచ్చలను చూసి, ప్రతి మచ్చ నడుమ ఒక సన్నని రక్తనాళం ఉందని గమనించాడు. 1916లో ఎడిన్‌బరోలో జేమ్స్ డాసన్, మెదడు నడిమి గదుల నుంచి సిరల వెంట వేళ్లలా సాగిన మచ్చలను వర్ణించాడు, నేటికీ రేడియాలజిస్టులు వాటిని 'డాసన్ వేళ్లు' అనే పిలుస్తారు. 1930లలో అమెరికన్ ట్రేసీ పట్నం చిన్న సిరల్లో రక్తం గడ్డకట్టడమే కారణమనుకుని, ఆ తర్వాత రోగులకు రక్తం పలుచబడే మందులిచ్చి చూశాడు, ఫలించలేదు. జాంబోనీ అనుమానం గాల్లోంచి పుట్టలేదు, నూటయాభై ఏళ్ల పరిశీలన దాని వెనక ఉంది.

ఆ సన్నని సిర దగ్గర జరిగేది ఇప్పుడు తెలుసు. రోగనిరోధక కణాలు రక్తంలోంచి మెదడులోకి చొరబడేది అతి చిన్న సిరల గోడల గుండానే. గోడకు అతుక్కుని, సందు చేసుకుని అవతలికి దూరి, చుట్టూ ఉన్న మైలిన్ మీద దాడి చేస్తాయి. అందుకే మచ్చ సిర చుట్టూ పుడుతుంది. కణాలు అతుక్కోకుండా అడ్డుపడే నటాలిజుమాబ్ అనే మందు 2004లో వాడుకలోకి వచ్చింది, ఎం.ఎస్.ను బలంగా అదుపు చేసే మందుల్లో అదొకటి. గోడ దాటే కణాల మీద పెట్టిన దృష్టి ఫలించింది, గొట్టం వెడల్పు మీద పెట్టిన దృష్టి ఫలించలేదు. ఆ కణాలను మొదట రెచ్చగొట్టేదేమిటన్న ప్రశ్నకు కూడా కొంత జవాబు దొరికింది. కోటి మంది అమెరికా సైనికుల రికార్డులతో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తర్వాత ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరుగుతుందని అందులో తేలింది.

మచ్చ నడుమ సిర ఇప్పుడు రోగ నిర్ధారణకూ పనికొస్తోంది. శక్తిమంతమైన ఎమ్మారై యంత్రంలో తెల్లని మచ్చ మధ్య నల్లని చుక్కగానో గీతగానో ఆ సిర కనిపిస్తుంది. పార్శ్వనొప్పి, రక్తపోటు, వయసు వల్ల వచ్చే మచ్చల్లో అది చాలా తక్కువ. మన దేశంలో దీని అవసరం మరీ ఎక్కువ. తలనొప్పికి తీయించిన స్కాన్‌లో నాలుగు తెల్ల చుక్కలు కనబడగానే ఎం.ఎస్. అని హడలిపోయే కుటుంబాలున్నాయి. ఎం.ఎస్.లా కనిపించి, దాని మందుల్లో కొన్నిటితో మరింత ముదిరే ఎన్‌ఎంఓఎస్‌డీ అనే వేరే జబ్బూ ఇక్కడ గణనీయంగా ఉంది. ఏది ఏదో తేల్చడంలో ఆ చిన్న గీత సాయపడుతుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఎం.ఎస్. ఉండి, మెడ సిర సన్నబడింది, బెలూనుతో బాగుచేస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. స్కాన్ రిపోర్టులో 'ఎడమ జుగులర్ సిర చిన్నదిగా ఉంది' అన్న వాక్యం చూసి భయపడకండి, అది పరీక్ష రాసిన డాక్టరుకూ ఉండవచ్చు. ఒక కంటి చూపు కొద్దిరోజుల్లోనే మసకబారినా, నడుము కింద తిమ్మిరి ఒక రోజు దాటి నిలిచినా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవండి. మొదలుపెట్టిన మందును ఆయన చెప్పకుండా ఆపకండి. ఎం.ఎస్.లో తొలి ఏళ్లలో ఆపగలిగిన నష్టమే ఆగుతుంది, జరిగిపోయిన నష్టాన్ని పూడ్చే మందు ఇంకా రాలేదు.